మార్గశిరంలో మోడు, చైత్రంలో మల్లె



ఈ వారం వీడియోలో ఉగాది నుంచి శ్రీరామనవమి దాకా జరిగే వసంత నవరాత్రుల గురించి చెప్పుకున్నాం. అందులో ఒక మాట అర నిమిషంలో దాటేశాం. భగవద్గీతలో శ్రీకృష్ణుడు ఋతువుల్లో తాను వసంతం అని చెప్పుకున్నాడు అన్న మాట. వీడియోలో టైమ్ సరిపోలేదు. ఈ పాఠమంతా ఆ ఒక్క మాట మీదే.

ముందే ఒక విషయం చెప్పాలి. నేను పండితుణ్ణి కాదు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్నవాణ్ణి. పుట్టి పెరిగింది చిలకలూరిపేట దగ్గర, పత్తి చేలు, మిరప చేల మధ్య. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక మాది పల్నాడు జిల్లా అయింది కానీ, ఇంట్లో ఇప్పటికీ అందరం గుంటూరు జిల్లా అనే అంటాం. అందుకని ఈ శ్లోకాన్ని మా ఊరి నేల మీద నిలబడి చదువుదాం. మీ ఫ్లాట్ బాల్కనీలో ఒక్క మల్లె కుండీ ఉన్నా సరే, ఇది మీకూ పనికొస్తుంది.

ఒకే శ్లోకంలో రెండు పేర్లు

గీత పదో అధ్యాయం పేరు విభూతి యోగం. నిన్ను ఏయే రూపాల్లో తలుచుకోవాలి స్వామీ అని అర్జునుడు అడుగుతాడు. దానికి జవాబుగా కృష్ణుడు ఒక్కో జాతిలో శ్రేష్ఠమైనదాన్ని చూపిస్తూ పోతాడు. చెట్లలో రావి, నదుల్లో గంగ, అలా. 35వ శ్లోకానికి వచ్చేసరికి నాలుగు చెబుతాడు. సామాల్లో బృహత్సామం, ఛందస్సుల్లో గాయత్రి, మాసాల్లో మార్గశీర్షం, ఋతువుల్లో పూలకు నెలవైన వసంతం.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఋతువుల్లో వసంతం గొప్పదైతే, మాసాల్లో చైత్రమో వైశాఖమో చెప్పాలి కదా? వసంతం అంటే ఆ రెండు నెలలే. కానీ ఆయన మార్గశీర్షం అన్నాడు. అంటే మన మార్గశిరం. ఇంగ్లిష్ లెక్కలో నవంబరు, డిసెంబరు. గీతా జయంతి వచ్చేది ఆ నెల శుద్ధ ఏకాదశి నాడే.

దీనికి పెద్దలు చాలా కారణాలు చెప్పారు. చల్లని కాలం అనీ, పంట ఇంటికి చేరే కాలం అనీ, ఒకప్పుడు సంవత్సరం ఆ నెలతోనే మొదలయ్యేది కాబట్టి దానికి ఆగ్రహాయణం అనే పేరు కూడా ఉందనీ అంటారు. అవన్నీ అలాగే ఉంచుదాం. మా వైపు మల్లె చెట్టు పెంచే ఆడవాళ్ళకి మాత్రం ఈ రెండు పేర్లూ పక్కపక్కన ఎందుకున్నాయో వ్యాఖ్యానం లేకుండానే అర్థమవుతుంది. చైత్రంలో పూలు కావాలంటే పని మార్గశిరంలో మొదలుపెట్టాలి.

చెట్టు నిద్రపోయే నెలలు

మంచు పడే దేశాల్లో చెట్లను చలి నిద్రపుచ్చుతుంది. మనకు అంత చలి ఎక్కడిది? గుంటూరు వైపు చలికాలంలో తెల్లారుజామున మామూలుగా 17, 18 డిగ్రీలు. పల్నాడులో రెంటచింతల వేసవి ఎండలకే పేరు పడిన ఊరు. అందుకని మన దగ్గర మల్లెకి విశ్రాంతి మనమే ఇవ్వాలి.

ఎలాగంటే, కార్తీకం చివరి నుంచి నీళ్ళు తగ్గిస్తారు. మార్గశిరంలో దాదాపు ఆపేస్తారు. ఆకు ముదిరి, పసుపెక్కి రాలుతుంది. డిసెంబరు రెండో సగం నుంచి జనవరి లోపల, అంటే మార్గశిరం చివర, పుష్యంలో, కొమ్మలు కత్తిరిస్తారు. నేల నుంచి మోకాలెత్తు, అంటే అడుగున్నర ఉంచి మిగతాది కోసేస్తారు. మిగిలిన ఆకు కూడా దూసేస్తారు. చూడటానికి పుల్లల కట్టలా ఉంటుంది. తర్వాత పాదు తవ్వి, మాగిన పశువుల ఎరువు వేసి, అప్పుడు నీళ్ళు పెడతారు.

దీని వెనుక లెక్క సులువే. మల్లె మొగ్గ వచ్చేది కొత్త చిగురు చివర. పాత కొమ్మ అలాగే సాగిపోతే ఆకు పెరుగుతుంది, పూలు పల్చబడతాయి. నీళ్ళు ఆపినప్పుడు చెట్టు కొత్త ఆకు వేయడం ఆపి, ఉన్న బలాన్ని కొమ్మల్లో, వేళ్ళలో దాచుకుంటుంది. కత్తిరించి నీళ్ళిచ్చాక ఆ దాచుకున్న బలంతో ఒకేసారి బోలెడు చిగుళ్ళు వేస్తుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా. కోటప్పకొండకి ప్రభలు కదిలే ఆ రోజులకే మా వైపు చిగుళ్ళ చివర మొగ్గలు కనపడతాయి. ఫాల్గుణంలో మొదలై చైత్ర, వైశాఖాల్లో విరగపూస్తుంది. మంగళగిరి పక్కన పెదవడ్లపూడి వైపు మల్లె తోటల్లో రైతులు చేసేదీ, మా ఇళ్ళలో ఆడవాళ్ళు పెరట్లో చేసేదీ ఇదే.

మన ఆఫీసు భాషలో చెప్పాలంటే చైత్రం రిలీజ్ రోజు. ఆ రోజు జనానికి కనపడేది అంతకు ముందు మూడు నెలలు ఎవరికీ కనపడకుండా జరిగిన పని.

మల్లె ఒక్కటే కాదు, చుట్టూ చూడండి. ఉగాది పచ్చడిలో వేసుకునే వేప పువ్వు కూడా ఆకు రాల్చిన చెట్టు నుంచే వస్తుంది. మాఘ ఫాల్గుణాల్లో ఆకంతా రాల్చి, ఎర్రటి చిగురు వేసి, దాంతోపాటే పూత పూస్తుంది. మాచర్ల దాటాక నల్లమల అంచున మోదుగ చెట్లయితే ఒక్క ఆకు లేకుండా కొమ్మ నిండా నారింజ రంగు పూలతో నిలబడతాయి. కుండీల్లో చాలామంది పెంచే ఫుట్‌బాల్ లిల్లీ సంగతీ అంతే. చలికాలమంతా మట్టి పైన ఏమీ ఉండదు. లోపల దుంప మాత్రం ఉంటుంది. వేసవిలో నాలుగు చినుకులు పడగానే ఎర్రటి బంతిలా లేస్తుంది. (ఆ మొక్క విషం. చిన్నపిల్లలు, కుక్కపిల్లలు ఉన్న ఇంట్లో కాస్త జాగ్రత్త.)

ఏడాదికే పీకేసేవి, ఏళ్ళ తరబడి ఉంచుకునేవి

మా ఊళ్ళ బతుకంతా పత్తి, మిరప మీదే. చాలామందికి తెలియని సంగతి ఏంటంటే, ఈ రెండూ స్వతహాగా ఏడాది మొక్కలు కావు. పత్తి బహువార్షికం. మిరప కూడా అంతే, పెరట్లో వదిలేస్తే రెండు మూడేళ్ళు కాస్తుంది. చేలో మాత్రం వాటిని ఒక్క కారుకే పెంచుతాం. వానలకు వేస్తాం, చలికాలం నుంచి వేసవి దాకా దూది తీస్తాం, కాయ కోస్తాం, ఎండబెట్టి గుంటూరు యార్డుకి పంపుతాం, కట్టె పీకేస్తాం. అందులో తప్పేం లేదు. పురుగు, తెగులు ఒక పంట నుంచి ఇంకో పంటకి పాకకుండా ఉండాలంటే చేలో కట్టె తీసెయ్యాల్సిందే. 2021-22లో నల్ల తామర పురుగు మిరప పువ్వులోనే కాపురం పెట్టి, ఈ మైదానంలో ఎంతమంది రైతుల్ని ముంచిందో మా ఊళ్ళలో ఎవరినడిగినా చెబుతారు. అది చేల లెక్క.

పెరటి లెక్క వేరు. పాత ఇళ్ళలో పెరట్లో ఒక పత్తి చెట్టు ఉండేది. మనిషి ఎత్తు దాటి పెరిగేది. దాన్ని ఎవరూ పీకేవాళ్ళు కాదు, ఎందుకంటే దీపం వత్తులకి దూది ఆ చెట్టుదే. చేలో పత్తికి ధర ఉన్నా లేకపోయినా దేవుడి ముందు దీపానికి ఇంటి దూది ఉండేది.

మనసులో కూడా ఈ రెండు రకాలూ ఉంటాయి. పరీక్ష, అప్రైజల్, ప్రాజెక్టు చేలో పంటల్లాంటివి. వాటిని ఈ ఏడు ఎంత వచ్చింది అని కొలుస్తాం, కొలవాలి కూడా. భక్తి, అమ్మానాన్నలతో బంధం, రోజూ పెట్టే దీపం, ఇవి పెరటి చెట్లు. వీటిని కూడా ఆ కొలతతోనే కొలిచి, ఈ మూడు నెలల్లో ఏమీ రాలేదు కాబట్టి పీకేద్దాం అనుకుంటేనే చిక్కు.

మా ఇంటి సంగతి

ఈ పాఠం నాకు పుస్తకంలో దొరకలేదు. నిరుడు ఆశ్వయుజంలో మా నాన్నగారు కాలం చేశారు. అమ్మ ఊళ్ళో ఒక్కతే ఉంటోంది. మా ఇంటి ముందు మల్లె చెట్టు ఆవిడ కాపురానికి వచ్చిన కొత్తల్లో పెట్టింది. ఏటా వేసవిలో సాయంత్రం మొగ్గలు కోసి, మాల కట్టి, సగం దేవుడికి, సగం తలలో పెట్టుకునేది. నాన్న పోయాక ఆ చెట్టు వైపు చూడటమే మానేసింది. నీళ్ళు కూడా పోయలేదు.

సంక్రాంతి సెలవులకి వెళ్ళాను. ఏటి సూతకం కాబట్టి పండగ లేదు. బాబాయి వచ్చి, "వదినా, గేటు దాకా టైల్స్ పరిపించేద్దాం, నీకు ఊడవటం తేలిక" అన్నాడు. ఆయన అన్నది ప్రేమతోనే. అమ్మ వెంటనే, "కానివ్వు అబ్బాయ్. ఆ చెట్టు కూడా కొట్టించెయ్. ఇంక పూలతో నాకేం పని" అంది.

ఆ మాటకి ఎవరం ఏమీ అనలేకపోయాం. భర్త పోయిన ఆడవాళ్ళు పూలు పెట్టుకోకూడదనే ఆచారం మన ఇళ్ళలో ఎంత బలంగా ఉందో మీకు తెలియంది కాదు.

నేను చెట్టు దగ్గరికి వెళ్ళి చూశాను. ఆకు చాలావరకు రాలిపోయింది. రేగడి ఎండి పాదు చుట్టూ బీటలు తీసింది. కానీ కొమ్మని గోటితో గీకితే పైతోలు కింద పచ్చగా ఉంది. అప్పుడు లెక్క తట్టింది. అమ్మ నీళ్ళు పోయడం మానేసిన కార్తీకం, మార్గశిరం, ఏటా ఆవిడ కావాలని నీళ్ళు ఆపే నెలలే. చెట్టుకి ఇది మామూలు ఏడాదే.

అమ్మని పిలిచి, "ఇది బతికే ఉందమ్మా" అన్నాను. ఆవిడ అరుగు మీద నుంచి లేవలేదు. కత్తెర తీసుకుని నేనే మొదలుపెట్టాను. రెండు కొమ్మలు కోసేసరికి, "అంత పైన కాదురా, మోకాలెత్తున కొయ్యి. ఏటవాలుగా కొయ్యి, నీళ్ళు నిలవకుండా" అంది. ఇంకాసేపటికి, "ఎరువు మొదట్లో పొయ్యకు, జానెడు దూరంగా వెయ్యి" అంది. సాయంత్రానికి తనే చెంబు పట్టుకుని వచ్చింది.

బాబాయి టైల్స్ వేయించాడు. చెట్టు చుట్టూ నాలుగడుగుల చదరం మాత్రం మట్టి వదిలేశారు.

ఫాల్గుణంలో పూలు వచ్చాయి. నిత్యం దీపం పెట్టుకోవడం, పువ్వు పెట్టి దణ్ణం పెట్టుకోవడం మానక్కర్లేదని మా పురోహితులు గారు ముందే చెప్పారు. అమ్మ మొదటి మాల దేవుడి మందిరంలో పెట్టింది. మర్నాటిది నాన్న ఫొటోకి. తర్వాత నుంచి పక్కింటి పిల్లలు సాయంత్రం జడలు వేయించుకుని మా గేటు దగ్గర నిలబడుతున్నారు. తలలో పెట్టుకోవాలా వద్దా అన్నది అమ్మ ఇష్టం. నేను పెట్టుకోమనీ అనలేదు, వద్దనీ అనలేదు. అయితే ఒకరోజు ఫోన్లో గీత తొమ్మిదో అధ్యాయం 26వ శ్లోకం గురించి చెప్పాను. ఆకు, పువ్వు, పండు, నీరు, ఏదైనా సరే భక్తితో ఇస్తే తీసుకుంటానని స్వామి అంటాడు. ఇచ్చేవాళ్ళు ఎవరై ఉండాలో అక్కడ షరతు ఏమీ లేదు, భక్తి ఒక్కటే అడిగాడు. అమ్మ కాసేపు విని, "అయితే నా పూలు పనికొస్తాయన్నమాట" అంది.

ఇక్కడ తప్పుగా అర్థం చేసుకోకూడనిది

ఇలాంటి కథ విన్నాక మనవాళ్ళు ఒక మాట అనేస్తుంటారు: కష్టాలన్నీ మన మంచికే, దేవుడు కత్తిరించేది పూయించడానికే అని. నేను ఆ మాట చెప్పడం లేదు. మా నాన్న పోవడం కత్తిరింపు కాదు. అది పోవడమే. బాధలో ఉన్నవాళ్ళ దగ్గర కూర్చుని ఇదంతా నీ మంచికే అనడం భక్తి కాదు.

తోట కూడా అలా చెప్పదు. మార్గశిరంలో నీళ్ళు ఆపితే మల్లె పూస్తుంది. అదే నీళ్ళు వైశాఖంలో ఆపితే చస్తుంది. ఎండబెట్టడం గొప్ప కాదు, కాలం తెలిసి చేయడం గొప్ప. ఎండిన తర్వాత ఎరువు, నీళ్ళు ఇచ్చే చెయ్యి ఒకటి ఉండాలి. అది లేకపోతే విశ్రాంతి కాస్తా చావు అవుతుంది.

నేను చెప్పేది ఇంతే. పైకి మోడుగా కనపడేది లోపల చచ్చిపోయిందని తీర్పు చెప్పే ముందు ఒక్కసారి గీకి చూడండి. పచ్చగా ఉంటే మన పని ఇంకా మిగిలుంది. జపం చేస్తుంటే ఏమీ అనిపించని నెలలు మీకు రావచ్చు. గుడికి వెళ్ళాలనిపించకపోవచ్చు. ఇంట్లో పెద్దవాళ్ళు మాట తగ్గించి, దేనిమీదా ఇష్టం లేనట్టు ఉండవచ్చు. అది మార్గశిరం కావచ్చు. కృష్ణుడు ఆ నెల కూడా నేనే అన్నాడని గుర్తుంచుకోండి. పూసినప్పుడు మాత్రమే ఆయన ఉంటాడనుకుంటే సగం శ్లోకమే చదివినట్టు.

మీ కుండీకి, మీ పెరటికి

ఇప్పుడు చేతిపని.

1. ఇప్పుడు, చైత్రంలో: మల్లెని గట్టిగా కత్తిరించకండి. ఒక విడత పూశాక కొమ్మ చివర్లు రెండు మూడు అంగుళాలు తుంచండి. మళ్ళీ చిగురు, మళ్ళీ మొగ్గ వస్తాయి. రోజుకి కనీసం 5, 6 గంటల ఎండ ఉండాలి. నీడ బాల్కనీలో మల్లె ఆకులు వేస్తుంది కానీ పూయదు.

2. రేగడి నేల అయితే: ఆ మట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు తీస్తుంది. నీళ్ళు నిలిస్తే వేరు కుళ్ళుతుంది. గుంటలో ఇసుక, ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు కలిపి, పాదు నేల కన్నా కాస్త ఎత్తుగా పెట్టండి.

3. ఆకు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే: ఇనుము అందడం లేదని అర్థం. సున్నం ఎక్కువున్న నేలల్లో ఇది మామూలే. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, చిటికెడు నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట ఆకుల మీద చల్లండి.

4. మొగ్గలు మాడినట్టు, వంకరగా ఉంటే: తామర పురుగులు కావచ్చు. నీలి రంగు జిగురు అట్టలు కట్టండి, వేప నూనె చల్లండి. దేవుడికి కోసే పూల మీద ఘాటు మందులు కొట్టకండి. వాటిని మనం, పిల్లలు ముట్టుకుంటాం, వాసన చూస్తాం.

5. వానాకాలంలో: అంటు తొక్కండి. నేలకి దగ్గరగా ఉన్న కొమ్మని వంచి, మట్టిలోకి వెళ్ళే చోట చిన్న గాటు పెట్టి, మట్టి కప్పి, పైన రాయి పెట్టండి. రెండు మూడు నెలల్లో వేరు వస్తుంది. అప్పుడు కోసి కుండీలోకి మార్చుకోవచ్చు. అమ్మ చెట్టు నుంచి హైదరాబాద్‌కి ఒక అంటు నేను ఇలాగే తెచ్చుకోబోతున్నాను.

6. మార్గశిరంలో: నీళ్ళు తగ్గించండి. కుండీ త్వరగా ఎండిపోతుంది కాబట్టి పూర్తిగా ఆపకండి. ఆకు వాలినప్పుడు మాత్రం కాసిని పోయండి. మూడు వారాల తర్వాత సగానికి కత్తిరించి, ఆకు దూసి, రెండు గుప్పిళ్ళ వర్మీ కంపోస్టు వేసి నీళ్ళు పెట్టండి.

7. దేన్నైనా పీకే ముందు: గోటితో గీకి చూడండి. ఒక కొమ్మ ఎండినా కింద ఇంకో కొమ్మ పచ్చగా ఉండొచ్చు. మొదలు దాకా చూశాకే నిర్ణయం.

ఈ వారం సాధన

రోజూ సాయంత్రం దీపం పెట్టాక పదో అధ్యాయం 35వ శ్లోకం ఒక్కసారి చదవండి. నోటికి రావడానికి వారం చాలు. చదివినప్పుడల్లా మార్గశీర్షం అన్న మాట దగ్గర మీకు తెలిసిన ఒక మనిషిని తలుచుకోండి, ఇప్పుడు మోడులా ఉన్న మనిషిని. వారం పూర్తయ్యే లోపల వాళ్ళకి ఒక ఫోన్ చేయండి. ఉపదేశం వద్దు. ఏం తిన్నారు, ఎలా ఉన్నారు అని అడగండి చాలు. వాళ్ళకి బాగా తెలిసిన పని ఏదైనా ఉంటే ఎలా చేయాలో చెప్పమనండి.

వచ్చే వారం వైశాఖ మాస మహిమ మీద వీడియో ఉంటుంది. అప్పటిదాకా సెలవు. శుభం.